యాంటీబాడీలు నిండుగా, రక్షణ కరువుగా

1981 జూన్ 5న అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం తన వారపత్రికలో లాస్ ఏంజెలిస్ యువకులు ఐదుగురికి సోకిన అరుదైన న్యుమోనియా గురించి రాసింది. నాటి నుంచి ఎయిడ్స్ చరిత్ర రోగనిరోధక వ్యవస్థలోని టీ కణాల చుట్టూనే తిరిగింది. వాటి లెక్క చెప్పే సీడీ4 కౌంట్ అన్న మాట మన ప్రభుత్వాసుపత్రుల్లో రోగుల నోళ్లలోనూ నానింది. యాంటీబాడీలను తయారుచేసే బీ కణాలకు ఏమైందో మాత్రం చాలామందికి తెలియదు.

ఆ సంగతి పరిశోధకుల కళ్లబడింది 1983లోనే. వ్యాధికి కారణం ఫలానా వైరస్ అని ఇంకా రుజువు కాలేదు. బెథెస్డాలోని అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో క్లిఫర్డ్ లేన్, ఆంథొనీ ఫౌచీ బృందం రోగుల రక్తాన్ని పరిశీలించింది. బీ కణాలు ఎవరూ పురమాయించకుండానే యాంటీబాడీలను కుమ్మరిస్తున్నాయి. తీరా ప్రయోగశాలలో కొత్తగా ప్రేరేపిస్తే వాటి స్పందన అంతంతమాత్రం.

ఈ లోపానికి ఎక్కువగా బలైంది పసిపిల్లలు. పెద్దలకు పాత జబ్బులు నేర్పిన రోగనిరోధక జ్ఞాపకం కొంతైనా ఉంటుంది. పిల్లలకు అదీ లేదు. రక్తంలో ఇమ్యునోగ్లోబ్యులిన్లు మామూలు కంటే ఎక్కువున్నా న్యుమోకాకస్ లాంటి బ్యాక్టీరియా వాళ్లను మళ్లీ మళ్లీ పడగొట్టేది. దాతల రక్తం నుంచి తీసిన ఇమ్యునోగ్లోబ్యులిన్లను వైద్యులు ఆ పిల్లల నరాల్లోకి ఎక్కించి చూశారు.

ఎయిడ్స్‌కు కారణమైన హెచ్‌ఐవీ ప్రధానంగా చొరబడేది బీ కణాల్లోకి కాదు. అది రగిల్చే ఎడతెగని వాపు వాటిని అదేపనిగా రెచ్చగొడుతుంది. అవి శిక్షణ పొందే లింఫు గ్రంథుల నిర్మాణం క్రమంగా చెడిపోతుంది, దారి చూపే సహాయక టీ కణాలు దెబ్బతింటాయి. 2008లో సూసన్ మోయిర్, ఫౌచీ బృందం రోగుల్లో అలసి సొలసిన బీ కణాల గుంపునే గుర్తించింది.

అయినా బీ కణాలు హెచ్‌ఐవీపై తయారుచేసే యాంటీబాడీలే మనుషులకు అక్కరకొచ్చాయి. 1985లో అమెరికా అనుమతించిన మొదటి రక్తపరీక్ష పట్టుకున్నది వాటినే. మరుసటి ఏడాది మద్రాసులో సునీతి సోలొమన్ మార్గదర్శకత్వంలో సెల్లప్పన్ నిర్మల సేకరించిన నమూనాలను వెల్లూరులో పరీక్షించారు. భారతదేశంలో హెచ్‌ఐవీ ఉందని తేలింది అలాగే. ఒక యువ పరిశోధక విద్యార్థిని చేసిన ఈ పనికి దక్కాల్సినంత గుర్తింపు దక్కలేదు.

వైరస్ సోకిన కొందరిలో ఏళ్లు గడిచాక రకరకాల హెచ్‌ఐవీ జాతులను అడ్డుకోగల అరుదైన యాంటీబాడీలు పుడతాయి. 2010లో వెల్లడైన వీఆర్‌సీ01 ప్రయోగశాలలో పరీక్షించిన జాతుల్లో దాదాపు 90 శాతాన్ని నిలువరించింది. టీకా పరిశోధకుల ఆశ ఇప్పటికీ ఈ దారిలోనే ఉంది.

టీకా వచ్చేదాకా ఉన్న మందులే ఆధారం. హెచ్‌ఐవీని అణచే ఆ మందుల చికిత్స (ఏఆర్‌టీ) ఎంత త్వరగా మొదలైతే రోగనిరోధక జ్ఞాపకం అంత బాగా నిలుస్తుంది. ప్రభుత్వాసుపత్రుల్లో పరీక్షా, మందులూ ఉచితమే. అనుమానం ఉన్నవారు ఆలస్యం చేయకుండా పరీక్ష చేయించుకోవాలి.