భుజపు నొప్పి: బలమా, ఓర్పా?

చేయి యెత్తి తల దువ్వుకొనుట, వీపు రుద్దుకొనుట, దండెముపై బట్టలారవేయుట మనకు పనులుగానే తోపవు. భుజము పట్టివేసిననాడు ఇవియే కొండలై నిలుచును. నొప్పికి వెరచి చేతిని కదలనీయకున్న కీలు మరింత బిగియును. మొరటుగా లాగినచో బాధ హెచ్చును. ఈ రెంటి నడుమ దారి వెదకుటయే భుజ చికిత్సా చరిత్రము.

మన ప్రాచీనులు ఈ బాధ నెరుగుదురు. మూపున జేరిన వాతము అచటి బంధనముల నెండించి, సిరలను ముడిచివేయగా కలుగు రోగమును సుశ్రుత సంహిత 'అవబాహుకము' అన్నది. కీలు తప్పిన భుజమును చంక క్రింద రోకలి నుంచి పైకెత్తి సరిచేసి, స్వస్తికాకారముగా కట్టు కట్టవలెనని ఆ గ్రంథమే విధించినది. అరచేతి యెముక విరిగి కూడిన పిమ్మట రోగి మొదట మట్టిముద్దను, తరువాత ఉప్పును, బలము వచ్చిన మీదట రాతిని చేత పట్టవలెనన్నది. క్రమక్రమముగా భారము పెంచు వ్యాయామమన్న నిదియే కదా! గ్రీసు దేశమున హిపోక్రటీసు పేర చెల్లు కీళ్ల గ్రంథముకూడ, సరిచేసిన భుజమును మెత్తని చేతులతో మృదువుగా మర్దింపుమన్నది.

ఆధునిక కాలమున తొలుత బలమునకే పెద్దపీట దొరకినది. 1872లో పారిస్ శస్త్రవైద్యుడు డ్యుప్లే, నొప్పికి మూలము కీలు చుట్టునున్న కణజాలమున నుండునని వివరించి, రోగికి మత్తునిచ్చి అతుకులను విడదీయు పద్ధతిని సూచించెను. 1894లో లండనున నలుగురు నర్సులు మర్దన విద్యకు గౌరవము కల్పింప సంఘమును స్థాపించిరి. నేటి ఫిజియోథెరపీ వృత్తికి అది యొక పునాది. 1934లో బోస్టను వైద్యుడు కాడ్మన్ తన గ్రంథమున ఈ వ్యాధిని 'గడ్డకట్టిన భుజము' అని పేర్కొనెను. ముందుకు వంగి, చేతిని లోలకమువలె వ్రేలాడవిడిచి మెల్లగా ఊపు వ్యాయామము నేటికిని ఆయన పేరనే చెల్లుచున్నది. చేతి నెత్తు శ్రమ కండరములకు తప్పి, భూమ్యాకర్షణయే కీలును కదలించుట అందలి కిటుకు.

బలమా, ఓర్పా యను ప్రశ్నకు 2020లో వెలువడిన బ్రిటిషు పరిశోధన కొంత సమాధానమిచ్చినది. 35 ఆసుపత్రులలో 503 మంది రోగులను మూడు వర్గములు చేసి, ఒకరికి ఇంజెక్షనుతో కూడిన వ్యాయామ చికిత్స, వేరొకరికి మత్తులో కీలును విడదీయుట, మూడవవారికి శస్త్రచికిత్స జరిపిరి. ఏడాది పిమ్మట చూడగా, ఏ పద్ధతియు తక్కిన వానిని చెప్పుకోదగినంతగా మించలేదు.

కావున భుజము పట్టినంతనే కత్తికి జంకి కృంగనక్కరలేదు. చేతిని మూలబెట్టనును రాదు. వైద్యునిచే కారణము తెలిసికొని, రాతికి తొందరపడక మట్టిముద్దతో మొదలిడుట మేలని మనవి చేయుచున్నాము.