అటక మీది గాలం చెప్పే చరిత్ర

మీ ఇంట్లో అటక మీదో, తాతగారి ట్రంకుపెట్టె అడుగునో ఒక పాత రేకుడబ్బా ఉందేమో చూడండి. మూత తీస్తే తుప్పు వాసన వస్తుంది. లోపల నాలుగైదు గాలాలు, ఉండచుట్టిన తాడు, రెండు సీసం గుండ్లు, ఒక బెండుముక్క కనిపిస్తాయి. "ఇంకా ఎందుకు తాతయ్యా, పారేయొచ్చు కదా!" అని మీరంటారు. "ఉండనీరా" అని ఆయన మూత పెట్టేస్తారు. ఆ గాలం నీటిలో పడి ఎన్నేళ్ళయిందో! అయినా పారేయరు. ఎందుకు? ఈ ప్రశ్న వెంట పోతే లోహాల చరిత్ర, నారల చరిత్ర, ఒక ఉక్కునగరం చరిత్ర ఆ ఒక్క డబ్బాలోనే దొరుకుతాయి.

నాగావళి నుంచి శివనాథ్ దాకా

ఆ డబ్బా భిలాయి నగరంలోని ఖుర్సీపార్‌లో ఉందనుకుందాం. ఛత్తీస్‌గఢ్‌లో తెలుగువాళ్ళు పెద్ద సంఖ్యలో స్థిరపడిన పేటల్లో అదొకటి. 1955 ఫిబ్రవరి 2న భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య ఒప్పందం కుదిరింది. ఏడాదికి 10 లక్షల టన్నుల ఉక్కు తీసే కర్మాగారాన్ని భిలాయిలో కట్టాలన్నది దాని సారాంశం. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. పునాదులు తవ్వడానికి, కాంక్రీటు మోయడానికి, తరువాత కొలుముల దగ్గర పనిచేయడానికి వేలాది మంది కావలసి వచ్చారు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి కుటుంబాలు కదిలాయి. విజయనగరం నుంచి పార్వతీపురం, రాయగడ మీదుగా రాయపూర్ చేరే రైలుమార్గం 1931 నాటికే పూర్తయి ఉంది.

నాగావళి ఒడ్డున పెరిగిన ఒక కుర్రవాడు అలా బయలుదేరాడనుకోండి. మూటలో బట్టలతోపాటు గాలం కూడా వేసుకున్నాడు. కొత్త ఊళ్ళో దానితో పనేమిటంటారా? ఛత్తీస్‌గఢ్ చెరువుల సీమ. కర్మాగారం నీటి అవసరాల కోసం తాందుల జలాశయపు కాలువ నీటిని మరోదా చెరువుల్లో నింపారు. దుర్గ్ పక్కగా శివనాథ్ నది పారుతోంది. మనం గాలం అనే దాన్ని అక్కడివాళ్ళు "గరీ" అంటారు. పేరు మారినా పని ఒక్కటే. శివనాథ్ మహానదిలో కలిసి బంగాళాఖాతం చేరుతుంది. నాగావళి చేరేదీ ఆ సముద్రమే!

బెంగ ఒక జబ్బా?

ఊరి బెంగను ఒకప్పుడు జబ్బుగా లెక్కించారు. 1688లో యోహానెస్ హోఫర్ అనే స్విస్ వైద్య విద్యార్థి బాసెల్ విశ్వవిద్యాలయానికి సమర్పించిన సిద్ధాంత వ్యాసంలో దానికి "నోస్టాల్జియా" అని పేరు పెట్టాడు. గ్రీకు భాషలో "నోస్టోస్" అంటే ఇంటికి తిరిగిరావడం, "ఆల్గోస్" అంటే నొప్పి. మనోవైజ్ఞానికులు ఇప్పుడు దాన్ని జబ్బు అనడం లేదు. పాత జ్ఞాపకాలు మనిషికి తనవాళ్ళతో ఉన్న బంధాన్ని గుర్తుచేసి ఒంటరితనాన్ని తగ్గిస్తాయని వారి పరిశోధనలు చెబుతున్నాయి. తాతగారు డబ్బా మూత పెట్టేయడంలో అర్థం ఉందన్నమాట!

గాలానికీ రైలుపట్టాకూ చుట్టరికం

ఇక డబ్బాలోని వస్తువుల దగ్గరకు వద్దాం. మొదట గాలం. జపాన్‌లోని ఒకినావా దీవిలో సకితారి గుహలో దొరికిన గాలాలు దాదాపు 23,000 ఏళ్ళ నాటివని 2016లో ప్రకటించారు. వాటిని సముద్రపు నత్తగుల్లతో అరగదీసి చేశారు. మన సింధు నాగరికత ప్రజలు రాగి గాలాలు వాడారు. హరప్పా, మొహెంజొదారో తవ్వకాల్లో అవి బయటపడ్డాయి. చేప జారిపోకుండా ఆపే ఎదురుముల్లు కూడా కొన్నింటికి ఉంది. అంటే 4,000 ఏళ్ళ కిందటి గాలాన్ని మీ తాతగారి చేతికిస్తే, ఎలా వాడాలని ఆయన అడగరు.

రాగి మెత్తన, పెద్ద చేప లాగితే వంగిపోతుంది. ఉక్కు గాలం ఎందుకు వంగదు? దానికి వాడేది కర్బనం ఎక్కువగా ఉన్న ఉక్కు తీగ. తీగ మెత్తగా ఉండగానే కోసి, ముల్లు తీసి, వంచుతారు. తరువాత ఎర్రగా కాల్చి నూనెలో చప్పున చల్లారుస్తారు. అప్పుడది గట్టిపడుతుంది, కానీ పెళుసవుతుంది. మళ్ళీ కొద్దిగా వేడిచేస్తే పెళుసుతనం తగ్గి, గట్టితనం చాలావరకు నిలుస్తుంది. నార్వేకు చెందిన ముస్టాడ్ సంస్థ 1877లో ఈ పనికి యంత్రం తయారుచేయడంతో గాలాలు ప్రపంచమంతటా చవకగా దొరకసాగాయి.

భిలాయిలో తయారయ్యే రైలుపట్టా ఉక్కులోనూ కర్బనం సుమారు 0.6 నుంచి 0.8 శాతం దాకా ఉంటుంది. మామూలు మేకులో ఉండేది ఇందులో కొద్ది భాగమే. పగలంతా పట్టాల మిల్లులో పనిచేసి, సెలవునాడు చెరువుగట్టున కూర్చున్న కార్మికుడి చేతిలో ఉన్నది తాను చేసే పట్టాకు దగ్గరి చుట్టమే!

దొరకని సగం

తవ్వకాల్లో గాలాలు దొరుకుతున్నాయి సరే, వాటికి కట్టిన తాళ్ళేవి? గుడ్డపీలికలా చివికిపోయాయి. జనుము, పత్తి వంటి నారలు సెల్యులోజ్‌తో తయారవుతాయి. తడిగా ఉంటే సూక్ష్మజీవులు దాన్ని తినేస్తాయి. చాలా అరుదుగా మాత్రమే నార మిగులుతుంది. 1913లో కరేలియాలో, అప్పటి ఫిన్లాండ్‌లోని అంత్రేయా దగ్గర బురదలో ఒక వల దొరికింది. విల్లో చెట్టు నారతో అల్లిన ఆ వల వయసు దాదాపు 10,000 ఏళ్ళు. బురదలో గాలి తగలకపోవడం వల్లే అది నిలిచింది.

మన పెద్దలకు ఈ సంగతి అనుభవంతో తెలుసు. అందుకే వలలను, తాళ్ళను చెట్టుబెరడు కషాయంలో ఉడకబెట్టేవారు. బెంగాల్‌లో తుమికి జాతికి చెందిన గాబ్ కాయ రసం పట్టించేవారు. వీటిలోని టానిన్లు సూక్ష్మజీవులను అడ్డుకుంటాయి. తోళ్ళు ఊనడంలోనూ పనిచేసేవి ఇవే. ఎన్నాళ్ళకు ఒకసారి కషాయం పట్టించాలో, ఏ రంగు వచ్చేదాకా ఉంచాలో ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు. చూసి నేర్చుకున్న చేతుల్లోనే ఉండేది.

1935 ఫిబ్రవరి 28న అమెరికాలోని డ్యూపాంట్ ప్రయోగశాలలో వాలెస్ కారొథర్స్ బృందం నైలాన్‌ను తయారుచేసింది. మన దేశంలో 1957లో కొచ్చిన్‌లో ఏర్పడిన కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ వలలకు పనికివచ్చే కృత్రిమ నారలపై పరిశోధనలు చేసింది. అవి భిలాయిలో కర్మాగారం లేస్తున్న సంవత్సరాలే. అందుకే ఆ తరం వారి డబ్బాలో అడుగున కషాయం పట్టించిన నూలుతాడు, పైన మెరిసే నైలాన్ తీగ రెండూ ఉండే అవకాశం ఉంది. రెండు యుగాలు పక్కపక్కనే!

తేలేది, మునిగేది

బెండుముక్క జీలుగుది కావచ్చు. పెళ్ళి బాసికాలు చేసేదీ ఈ బెండుతోనే. గాలి నిండిన కణాలు ఉండటం వల్ల అది నీటిపై తేలుతుంది. కొందరు నెమలి ఈక కాడను వాడేవారు. సీసం గుండుది వేరే కథ. సీసం నీటికన్నా 11 రెట్లకు పైగా సాంద్రత గలది, మెత్తన, చవక. అందుకే బరువుకు వాడారు. కానీ అది విషం. ఇంగ్లండులో జాలరులు వదిలేసిన చిన్న గుండ్లు మింగి హంసలు చనిపోతూ ఉండటంతో 1987లో వాటి అమ్మకాన్ని నిషేధించారు. కాబట్టి తాతగారి గుండును పంటితో నొక్కకండి. తాకితే చేతులు కడుక్కోండి.

ఏది మిగలాలి?

నైలాన్ తీగ సులువుగా చివకదు. అది మేలే, కీడు కూడా. చేపలు పట్టే సామగ్రిలో దాదాపు 2 శాతం ఏటా సముద్రాల్లో పోతోందని 2022లో వెలువడిన ఒక అంచనా. పట్టేవాడు లేకపోయినా ఆ వలలు చేపలను, తాబేళ్ళను చంపుతూనే ఉంటాయి. ఒకవైపు ఎవరికీ అక్కరలేని తీగ నీటిలో ఏళ్ళ తరబడి మిగులుతోంది. మరోవైపు తాతగారు పేనిన జనపతాడు పోతోంది. దాన్ని ఎలా పేనాలో తెలిసిన జ్ఞానం అంతకన్నా ముందే పోతోంది. నారను బురద కాపాడవచ్చు. పేనే పద్ధతిని మాత్రం ఏ బురదా కాపాడదు.

అందుకే ఈ సెలవుల్లో ఒక పని చేయండి. డబ్బా తెచ్చి తాతగారి పక్కన కూర్చోండి. ఒక్కో వస్తువు పేరేమిటి, ఏ ఊళ్ళో కొన్నారు, ఏ చేపకు ఏ ఎర వేసేవారు అని అడిగి, ఆయన అన్న మాటల్లోనే రాసుకోండి. తాడు దేనిదో తెలియకపోతే తెగిన చిన్న పోగును పెద్దలు దగ్గరుండగా పట్టకారుతో పట్టి కాల్చి చూడండి. నూలైతే కాగితం వాసనతో మండి బూడిదవుతుంది. నైలానైతే కరిగి పూసలా గడ్డకడుతుంది. గాలాన్ని గరుకు కాగితంతో రుద్దవద్దు. పొడిగుడ్డతో తుడిచి పల్చగా నూనె రాస్తే చాలు.

తరువాత డబ్బాకు ఒక చీటీ అంటించి పేరు, ఊరు, సంవత్సరం రాయండి. సకితారి గుహలోని గాలం ఎవరిదో మనకు ఎప్పటికీ తెలియదు. మీ ఇంట్లోది ఎవరిదో చెప్పగలిగిన మనిషి ఇంకా మీ ఎదుటే ఉన్నారు.