పైకప్పు పడని షాహీ మహల్

అల్ హంబ్రా అనగానే మన ఇళ్లలో సింహాల సెహన్, గోడల మీద అరబీ ఖత్తాతీ, నీటి కాలువలు గుర్తుచేసుకుంటారు. ఆ కోటలోనే ఒక క్రైస్తవ బాద్షా కట్టించిన మహల్ కూడా ఉంది. చాలామంది దాన్ని పరాయిదనుకుని దాటిపోతారు. నేనైతే ఆగి చూడమంటాను. ఎందుకంటే దాని ఖర్చు మోసింది ఎక్కువగా మనవాళ్లే.

1492 జనవరి 2న గ్రనాడా సల్తనత్ ఖతమైంది. ముస్లింల మజ్‌హబ్ జోలికి రామన్న సులహ్‌నామా పదేళ్లకే చిత్తుకాగితమైంది. జబర్దస్తీగా మతం మార్చి, వాళ్లకు మొరిస్కోలని పేరు పెట్టారు. 1526లో బాద్షా ఐదో చార్లెస్ కొత్త మలికా ఇసబెల్లాతో గ్రనాడా వచ్చి కొన్ని నెలలున్నాడు. అప్పుడే అరబీ జబాన్, లిబాస్, రివాజులు మానుకోవాలని హుకుం వచ్చింది. మొరిస్కోలు సొమ్ము కట్టి దాన్ని వాయిదా వేయించుకున్నారు.

మరుసటేడే మహల్ పని మొదలైంది. ఇటలీలో హునర్ నేర్చుకొచ్చిన పెద్రో మచూకా నక్షా గీశాడు. బయటికి చతురస్రం. ఒక్కో వైపు 63 మీటర్లు, ఎత్తు 17 మీటర్లు. లోపల మాత్రం గుండ్రటి సెహన్, దాని చుట్టూ రెండంతస్తుల స్తంభాలు. కింద డోరిక్, పైన అయోనిక్. రినైసాన్స్ కాలపు ఇమారతుల్లో ఇది లాజవాబ్. కారీగరీని మెచ్చుకోవడానికి నాకే మొహమాటమూ లేదు.

ఖజానా సంగతి వేరు. ఈ పనికి సొమ్ము చాలావరకు మొరిస్కోల మీద వేసిన పన్ను నుంచే వచ్చింది. 1567లో చార్లెస్ కొడుకు రెండో ఫిలిప్ ఆ పాత హుకుంను మళ్లీ తెచ్చాడు. 1568లో అల్పుహర్రా కొండల్లో బగావత్ లేచింది, మహల్ పని ఆగింది. బగావత్‌ను అణిచేసి, మొరిస్కోలను గ్రనాడా నుంచి వెళ్లగొట్టి దేశమంతా చెల్లాచెదురు చేశారు. పని తర్వాత మళ్లీ మొదలైనా పూర్తికాలేదు. చార్లెస్ అందులో ఒక్కరోజూ కాపురముండలేదు. 20వ శతాబ్దం దాకా పైకప్పే పడలేదు.

ఇప్పుడు కింది అంతస్తులో అల్ హంబ్రా మ్యూజియం ఉంది. నస్రీ సుల్తానుల కాలపు జింకల బొమ్మల పెద్ద జాడీ అక్కడే ఉంది. గ్రనాడా వెళ్లే నసీబ్ మీకు దొరికితే, ఆ గుండ్రటి సెహన్‌లో పిల్లల్ని నిలబెట్టి, ఈ రాళ్లకు పైసలు ఎవరు కట్టారో చెప్పండి. గైడ్ చెప్పకపోవచ్చు.