పైకారా నీళ్ళు, మన మిల్లులు



పోయిన నెల మన సంఘం తరపున కాలేజీ పిల్లలతో కలిసి కొందరం నీలగిరిలో పార్సన్స్ వ్యాలీ నుంచి ముకుర్తి వైపు నడిచి వచ్చినాము. 2024లో తమిళనాడు ప్రభుత్వం తెరిచిన 40 నడక దారుల్లో ఇది ఒకటి. దారి చూపేది అక్కడి ఊళ్ళ యువకులే. ఫోటోలు అందరూ చూసినారు. నేను చరిత్ర రాస్తాను, ఎందుకంటే ఆ కొండకూ కోయంబత్తూరులో మన బతుకుకూ సంబంధం ఉంది.

కోయంబత్తూరులో మొదటి నూలు మిల్లు 1888లో వచ్చింది. ఆ తరువాత నలభై ఏళ్ళు మిల్లులు మెల్లగానే పెరిగినాయి. 1932లో పైకారా కరెంటు వచ్చింది. ముకుర్తి శిఖరం దగ్గర పుట్టే నదిని నిలిపి, సుమారు 3,000 అడుగుల కిందికి గొట్టాల్లో దించి కరెంటు తీసినారు. అంతే, ఊరి చుట్టూ మిల్లు మీద మిల్లు లేచింది. పల్లెల్లో బావులకు మోటార్లు వచ్చినాయి. ఆ మిల్లులు పెట్టినవాళ్ళలో మన నాయుళ్ళు చానామంది. పనికి పోయినవాళ్ళలోనూ మనవాళ్ళే చానామంది. మా నాయన రాత్రి షిఫ్టు చేసి ఐదుగురు పిల్లల్ని చదివించినాడు. ఆయన ముందు కదుళ్ళు తిరిగింది ఈ నీళ్ళతోనే.

వాన లేని రోజుల్లోనూ వాగు ఎట్లా పారుతుందని ఒక అమ్మాయి అడిగింది. దారి చూపే తమ్ముడు గడ్డి కింద మట్టిని నొక్కి చూడమన్నాడు. స్పంజి మాదిరి నీళ్ళు ఊరినాయి. పైన గడ్డి, లోయల్లో శోలై అడవి, రెండూ కలిసి ఆనీ, ఆడి మాసాల వానను పట్టిపెట్టుకొని కొంచెం కొంచెంగా వదులుతాయట.

తెల్లదొరలకు ఆ గడ్డి ఉత్త బీడుగా కనిపించింది. 1840ల నుంచే ఆస్ట్రేలియా చెట్లు, యూకలిప్టస్, వాటిల్, తెచ్చి నాటినారు. మొదట వంటచెరకుకు. స్వాతంత్ర్యం వచ్చినాక మన సర్కారు కూడా రేయాన్ గుజ్జుకనీ, తోళ్ళ శుద్ధికి బెరడుకనీ ఇంకా నాటింది. వాటిల్ దట్టంగా పెరిగినచోట కింద గడ్డి బతకదు. గడ్డి పోతే వరైయాడుకు మేత పోయినట్టే.

వేట కూడా దాన్ని తగ్గించింది. 1879లోనే నీలగిరికి వేట చట్టం చేయవలసి వచ్చింది. 1990లో ముకుర్తి జాతీయ ఉద్యానవనమైంది. 78 చదరపు కిలోమీటర్లే, అయినా వరైయాడుకు అది పెద్ద అండ. ఆ మృగమే ఇప్పుడు తమిళనాడు రాష్ట్ర జంతువు. తోడర్లకైతే ముకుర్తి శిఖరం చనిపోయినవాళ్ళు పై లోకానికి పోయే వాకిలి. చట్టాలు రాకముందు నుంచే వాళ్ళకు అది పవిత్రం.

మన మిల్లులు చానా మూతపడినాయి. నీళ్ళు మాత్రం పైకారా నుంచి మోయారుకు, మోయారు నుంచి భవానికి, భవాని నుంచి కావేరికి ఇంకా పోతూనే ఉన్నాయి. ఆ గడ్డి ఉన్నంత వరకే ఆ ధార. మన పిల్లలకు తాతల కథ చెప్పేటప్పుడు ఊరి పేరు, ఇంటిపేరుతో ఆపకండి. ఈ కొండను కూడా చేర్చి చెప్పండి.

మళ్ళీ పోదామనుకొనేవాళ్ళు సంఘం ఆఫీసులో పేరు ఇవ్వండి. ప్లాస్టిక్ తేవద్దు, జలగలకు ఉప్పు మరవద్దు.