ఏడాదికో అచ్చు

అమెరికాలో 1960ల నాటి ప్లాస్టిక్ కారు కిట్లు చాలావాటిని ఇవాళ ఎంత డబ్బు పోసినా అసలు అచ్చుల మీద మళ్ళీ తీయలేరు. అచ్చులు తుప్పు పట్టాయనో, పాత ఇనుము కింద అమ్మేశారనో అనుకుంటాం. అసలు సంగతి ఇంకా వింతగా ఉంది. 1963 కారు అచ్చునే చెక్కి 1964 కారు అచ్చు చేశారు. డెట్రాయిట్ కారు కంపెనీలు పాత బాడీనే ఉంచి గ్రిల్లూ బంపర్లూ తోక దీపాలూ మారిస్తే, బొమ్మల కంపెనీ కూడా అదే ఉక్కు దిమ్మను తీసి ఆ మేరకు కొత్తగా చెక్కించేది. పలక మీద నిన్నటి పాఠం తుడిచి ఇవాళ్టిది రాసుకున్నట్టన్నమాట. దాంతో ఓ తమాషా జరిగింది. లక్షల్లో తయారైన అసలు కారు ఏ పల్లెటూరి షెడ్డులోనో ఒకటైనా దొరుకుతుంది. దాని బొమ్మను పుట్టించిన అచ్చు మాత్రం ఆ మరుసటి ఏడే మాయమైపోయింది.

ఏటేటా అంత అవస్థ ఎందుకు పడ్డారయ్యా అంటే, ఆ బొమ్మలు పిల్లల కోసం పుట్టినవి కావు గనక. తన అధిపతి ఆల్‌ఫ్రెడ్ స్లోన్ చలవతో జనరల్ మోటార్స్ ఏటా కారు ముఖం మార్చడం అలవాటు చేసింది. నిరుటి కారు పాతబడిందని జనానికి అనిపిస్తేనే కదా కొత్తది కొంటారు! ఆ కొత్త ముఖాన్ని జనం చేతిలో పెట్టడానికి డీలర్లు చిన్న నమూనాలు పంచేవారు. వాటినే ప్రోమోలు అంటారు. షికాగోలో బాంత్రికో అనే కంపెనీ లోహంతో పోతపోసి, అడుగున చిల్లర వేసుకునే చీలిక పెట్టి ఇచ్చేది. 1948లో వెస్ట్ గాలొగ్లీ అనే లాయరు డెట్రాయిట్ దగ్గర ‘అల్యూమినియం మోడల్ టాయ్స్’ పెట్టి, ఫోర్డు సెడాన్‌ను అల్యూమినియంలో పోయించాడు. దానికి ఫోర్డు వాళ్ళు వాడే రంగే వేయించాడు. కొద్దికాలానికే పని ప్లాస్టిక్‌కి మారింది, అల్యూమినియం ఏఎమ్‌టీ అన్న పేరులోని మొదటి అక్షరంగా మిగిలిపోయింది. పెట్టెల మీద అచ్చయిన చిరునామా ఈస్ట్ మేపుల్ రోడ్డు, ట్రాయ్, మిషిగన్.

కొత్త కారు శరదృతువులో షోరూముకి వచ్చేసరికి బొమ్మ కూడా డీలరు బల్ల మీద ఉండాలి. అందుకని కారు కంపెనీలు నెలల ముందే డ్రాయింగులు బొమ్మల కంపెనీలకు పంపేవి. లోకం ఇంకా చూడని కారు, రహస్యంగా, ఇరవై ఐదో వంతు సైజులో ముందే తయారయ్యేది. ఆ కొలతల్లో కనిపించే నికార్సుతనానికి కళాభిమానం కారణమనుకుంటే పొరపాటే. డీలరు దగ్గర నిలబడ్డ కొనుగోలుదారుకి బొమ్మకీ బండికీ తేడా కనిపించకూడదు, అంతే. నాకు తెలిసినంతలో అమ్మకాలవాళ్ళ తొందర వల్ల ఒక కళ బాగుపడిన సందర్భం ఇదొక్కటే.

వాళ్ళు ఎంచుకున్న ప్లాస్టిక్ మాత్రం నిలవలేదు. 1950ల ప్రోమోల్లో ఎక్కువభాగం అసిటేట్. అది ఏళ్ళు గడిచేకొద్దీ కుంచించుకుపోయి, వంకర్లు తిరుగుతుంది. అద్దాల బీరువాలో ఎవరూ ముట్టుకోకుండా ఉంచినా సరే, నడుం వంచేస్తుంది. 1960లు మొదలయ్యాక స్టైరీన్ వచ్చి ఆ బాధ తీర్చింది.

దీనికి ముందరి చరిత్ర క్లుప్తంగా చెప్పుకోవచ్చు. ఇలినాయ్‌లోని ఫ్రీపోర్టులో ఆర్కేడ్ కంపెనీ 1920ల్లో పోత ఇనుముతో టాక్సీలూ ఫోర్డులూ చేసి, అచ్చం నిజమైనవాటిలాగే ఉంటాయని చెప్పి అమ్మింది. కాలి మీద పడితే మాత్రం నిజమైనవే. 1930లో జనరల్ మోటార్స్‌కు బాడీలు చేసే ఫిషర్ బాడీ వాళ్ళు కుర్రాళ్ళకు క్రాఫ్ట్స్‌మన్స్ గిల్డ్ అనే పోటీ పెట్టారు. నెపోలియన్ కాలపు గుర్రబ్బండి నమూనా చేయాలి, గెలిచినవాడికి 5,000 డాలర్ల విద్యార్థి వేతనం. ఆర్థిక మాంద్యం రోజుల్లో ఆ సొమ్ముతో కాలేజీ చదువంతా గట్టెక్కుతుంది. తర్వాత గుర్రబ్బండి పోయి, సొంతంగా ఊహించిన కారును పన్నెండో వంతులో చేయమన్నారు. 1947లో గెలిచిన చక్ జోర్డన్ అనే కుర్రాడు 1986లో జనరల్ మోటార్స్ డిజైన్ విభాగానికే అధిపతి అయ్యాడు. ఆడపిల్లలకు మాత్రం ఆ పోటీలో చోటు లేదు. 1968లో అది మూతపడేదాకా లేదు. ఎంతమంది చేతినేర్పు అలా వంటింట్లోనే ఉండిపోయిందో!

ఇక నాకు ఇష్టమైన రోజులు. 1958లో ఏఎమ్‌టీ ఒక ఉపాయం పన్నింది. ప్రోమో కోసం చేసిన బాడీ గుల్లనే విడిభాగాలతో పెట్టెలో పెట్టి, ‘త్రీ ఇన్ వన్’ అని అమ్మింది. ఒక్క పెట్టెతో బండిని షోరూములో ఉన్నట్టు చేసుకోవచ్చు, పందెం బండిగా చేసుకోవచ్చు, లేదా వీధిలో తిరిగే షోకిల్లారాయుడిగా అలంకరించుకోవచ్చు. అదనపు బంపర్లు, చక్రాల మూతలు, క్రోమ్ ముక్కలు, నీళ్ళలో నానబెట్టి అంటించే బొమ్మల కాగితం, అన్నీ ఉండేవి. అంతకు ముందు రెవెల్ లాంటి కంపెనీల కిట్లలో బాడీ ముక్కలుగా వచ్చేది, అతుకుల దగ్గర లప్పం పెట్టి ఉప్పు కాగితంతో రుద్దుకోవాల్సి వచ్చేది. ప్రోమో గుల్ల ఏకాండీగా వస్తుంది. అచ్చు దిమ్మ పక్కలు నాలుగు వైపులకీ జరిగి విడిపోయేలా చేస్తేనే అది సాధ్యం. ఆ పద్ధతి ఘనత జార్జ్ టోటెఫ్‌దని చెబుతారు. ఆయనే 1963లో ఏఎమ్‌టీ వదిలి ఎంపీసీ అనే పోటీ కంపెనీ పెట్టాడు.

పెట్టెలోని ఆ మూడు వేషాల్లో పన్నెండేళ్ళ కుర్రాడు దేన్ని ఎంచుకుంటాడు? షోకిల్లారాయుడినే. కుర్రాళ్ళు కప్పు కోసి, లేని రెక్కలు అతికించి, గోళ్ళ రంగు పూసి, చివరికి టపాకాయ పెట్టి పేల్చేశారు. షోరూములో ఉన్నట్టు శ్రద్ధగా కట్టినవి అందుకే అరుదు. ఇప్పుడు సీలు తీయని పెట్టె కోసం పెద్దాయనలు వేలంపాటల్లో పోటీలు పడుతున్నారు. వాళ్ళలో కొందరు అప్పట్లో టపాకాయ అంటించినవాళ్ళే అని నా అనుమానం.

షోకు బండ్ల మేస్త్రీ జార్జ్ బారిస్‌ను ఏఎమ్‌టీ సలహాదారుగా పెట్టుకుంది. ఆయన చేతిలో 1929 ఫోర్డు పికప్పు ‘ఆలా కార్ట్’గా మారి, ఓక్లాండ్ ప్రదర్శనలో 1958లోనూ 1959లోనూ పెద్ద బహుమతి కొట్టింది. 1961లో దాని కిట్ వచ్చింది. కంపెనీ అక్కడితో ఆగలేదు. ఫీనిక్స్‌లో నిజమైన కార్లు కట్టే షెడ్డొకటి పెట్టి జీన్ విన్‌ఫీల్డ్ అనే మరో షోకు బండ్ల మేస్త్రీకి అప్పజెప్పింది. 1966లో స్టార్ ట్రెక్ అనే టీవీ సీరియల్ వాళ్ళకు గెలీలియో అనే అంతరిక్ష నౌక నిలువెత్తు నమూనా కావాల్సి వస్తే, కట్టింది ఆ షెడ్డే. ఖర్చు బొమ్మల కంపెనీది, బదులుగా ఆ నౌకల కిట్లు అమ్ముకునే హక్కు. టీవీవాళ్ళు బొమ్మలవాళ్ళ దగ్గర అసలు సైజు బండి చేయించుకోవడం అన్నమాట!

1970ల నుంచి కథ నీరసం. ఏఎమ్‌టీ చేతులు మారింది, పిల్లలు వేరే ఆటలు చూసుకున్నారు, పెద్దవాళ్ళు మిగిలారు. నికార్సు పిచ్చి ముదిరింది మాత్రం అప్పుడే. ఉదాహరణకి, 1959 కాడిలాక్ కారు పొడవు 225 అంగుళాలు. ఇరవై ఐదో వంతులో సరిగ్గా తొమ్మిదంగుళాలు. అంత చిన్న బండి మీద రంగు పొర మందం మిల్లీమీటరులో పదో వంతున్నా, అసలు కారు మీద రెండున్నర మిల్లీమీటర్ల పూత ఉన్నట్టే లెక్క. డోరు గీతలు పూడిపోతాయి, పేర్ల అక్షరాలు మునిగిపోతాయి. అందుకని పలచగా, పొర మీద పొరగా చల్లాలి. మెటాలిక్ రంగులో మెరుపు పలుకులు కూడా బండికి తగ్గట్టు సన్నగా లేకపోతే కంకర చల్లినట్టే కనబడుతుంది. కిటికీల చుట్టూ క్రోమ్ కోసం జిగురున్న పలచటి లోహపు రేకు అంటించి, పళ్ళపుల్లతో నొక్కి, కొత్త బ్లేడుతో అంచులు కోస్తారు. ఇంత చేసి పెట్టెలో దాస్తే మెత్తటి వినైల్ టైర్లలోని నూనె గుణం స్టైరీన్ చక్రాన్ని కరిగించేస్తుంది. పాత పెట్టెలు తెరిస్తే టైరూ చక్రమూ ఒకదానికొకటి అతుక్కుని కనిపించడం మామూలే.

పోయినవాటిలో నన్ను ఎక్కువ కుదిపేది క్రిస్లర్ టర్బైన్ కారు. విమానానికి పెట్టే తరహా ఇంజనుతో, ఇటలీలో ఘియా చేతిలో బాడీలు చేయించి, నమూనాలతో కలిపి 55 తయారుచేశారు. మామూలు కుటుంబాలకు కొన్ని నెలల చొప్పున నడపమని ఇచ్చి, తిరిగి తీసుకుని, 46 బండ్లను ధ్వంసం చేశారు. మిగిలింది తొమ్మిది. ఆ కారును చేతుల్లోకి తీసుకోవాలంటే డెట్రాయిట్‌కే చెందిన జో-హాన్ కంపెనీ చేసిన ఇరవై ఐదో వంతు కిట్ ఒక దారి. జాన్ హేన్లీ నడిపిన ఆ కంపెనీ కూడా ఇప్పుడు లేదు.

ఏఎమ్‌టీ, ఎంపీసీ పేర్లు ఇప్పుడు ఇండియానాలోని సౌత్ బెండ్‌లో రౌండ్ టూ అనే సంస్థ దగ్గరున్నాయి. కట్టకుండా మిగిలిన పాత కిట్లను స్కాన్ చేసి, కొన్నిటికి కొత్త అచ్చులు చెక్కిస్తున్నారు. వాళ్ళ దృష్టి పడని బండ్లు రెజిన్ పోతపోసేవాళ్ళ పాలు. పాత గుల్ల చుట్టూ సిలికాన్ పోసి, ఆ అచ్చులో రెజిన్ పోస్తారు. రెజిన్ గట్టిపడేటప్పుడు పిసరంత కుంచించుకుంటుంది, నకలుకు నకలు తీస్తే ఇంకో పిసరు. అందుకని కొనేవాళ్ళు ధర కంటే ముందు ఒకటి అడుగుతారు: ఇది ఫ్యాక్టరీ గుల్ల మీద తీసిందా, ఇంకొకాయన రెజిన్ మీద తీసిందా అని.