దవాఖానా చీటీ వెల

విద్యను, వైద్యమును, అన్నమును అమ్ముకొనరాదని మన పెద్దలు చెప్పుదురు. రాజును, గురువును, వైద్యుని వట్టిచేతులతో దర్శింపరాదనియు ఆ పెద్దలే చెప్పిరి. మొదటి మాట వైద్యునకు చెప్పిన ధర్మము. రెండవది రోగికి నేర్పిన మర్యాద. ఊరి వైద్యుడు ఊరివారి నెరిగినవాడు గనుక ఈ రెండు మాటలకును పొత్తు కుదిరినది. కలవాడు ధాన్యము కొలిచెను; లేనివాడు దండము పెట్టెను. వైద్యుని స్థానమున ప్రభుత్వము నిలిచిన పిదపనే చిక్కు వచ్చినది. సర్కారు దవాఖానా గడపలో రోగిని సొమ్ము అడుగవచ్చునా? అడిగినచో ఎవరిని, ఎంత, ఏ వేళ అడుగవలెను? ఈ ప్రశ్నకు కరీంనగరము, ఆదిలాబాదు జిల్లాల చరిత్రలో కొంత సమాధానము దొరకును.

ఆ ప్రాంతమున ఆసుపత్రి యను మాటకంటె దవాఖానా యను మాటయే జనుల నోట నలిగినది. మాట ఉర్దూ నుండి వచ్చినది. ప్రభుత్వ వైద్యశాల నైజాము సర్కారు నుండి వచ్చినది. హైదరాబాదులో 1846లో వైద్య పాఠశాల నెలకొన్నది. మూసీ తీరమున ఉస్మానియా ఆసుపత్రి భవనము 1925 నాటికి పూర్తియైనది. ఆ కాలమున బీదలకు మందిచ్చుట ప్రభువు చేయు ధర్మకార్యముగా ఎంచబడినదే గాని ప్రజల హక్కుగా కాదు. ఆ ధర్మము రాజధానిలో ధారాళముగా పారి జిల్లాలకు చేరునప్పటికి సన్నగిల్లెను. 1905లో జిల్లా కేంద్రము ఎలగందుల నుండి కరీంనగరమునకు మారెను. ఆదిలాబాదు జిల్లా రూపుదాల్చినదియు ఆ యేడే. కేంద్రములో దవాఖానా యున్నను, అడవి పల్లెనుండి వచ్చు రోగికి అది దినముల తరబడి బండి ప్రయాణము. మందు ఉచితమే, మందును చేరుట ఉచితము కాదు. ఆ దారిఖర్చే ఈ జిల్లాలలో రోగి చెల్లించిన తొలి రుసుము.

ఆదిలాబాదు గోండుల విషయమున దీనికి మరొక భయము తోడైనది. అడవిలో పశువులను మేపినందుకు, పోడు కొట్టినందుకు పన్నులు కట్టి వారు వేసారియుండిరి. ఆ వేసట నుండియే కుమ్రం భీం తిరుగుబాటు పుట్టెను. 1940లో జోడేఘాట్ వద్ద ఆయన నైజాము బలగముల కాల్పులలో మరణించెను. పిమ్మట గోండుల స్థితిగతులను పరిశీలించుటకు మానవశాస్త్రజ్ఞుడు హైమెన్‌డార్ఫ్ వచ్చెను. 1943లో మార్లవాయి గ్రామమున గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రము వెలసెను. రసీదు పుస్తకము చేతబట్టిన ప్రతివాడును అడవి జవానువలె కనబడు గూడెములో, చీటీ వెల యెంతయనునది లెక్కకు మాత్రమే కాదు, నమ్మకమునకును సంబంధించిన ప్రశ్న.

ఆ 1943లోనే అప్పటి భారత ప్రభుత్వము సర్ జోసెఫ్ భోర్ అధ్యక్షతన ఒక ఆరోగ్య విచారణ సంఘమును నియమించెను. 1946లో వెలువడిన దాని నివేదిక ఈ విషయమును తేటగా పరిష్కరించినది. సొమ్ము చెల్లింపలేని కారణమున ఏ ఒక్కరును తగిన వైద్యమునకు దూరము కారాదనినది. వైద్యము భేదము లేక అందరికిని ఉచితముగా నుండవలెననియు, కలవారి వంతును పన్నుల ద్వారా రాబట్టవలెననియు సూచించినది. ఇందలి సూక్ష్మమును శ్రోతలు గమనింపవలెను. భోర్ సంఘము కలవానిని విడిచిపెట్టుమనలేదు. కలవాడెవడో లేనివాడెవడో తేల్చు విచారణను జబ్బుపడిన వేళ, గడప యొద్ద పెట్టవద్దనినది.

సంపన్న దేశములకును ఈ చిక్కు తప్పలేదు. బ్రిటనులో 1948 జూలై 5న ఉచిత జాతీయ ఆరోగ్య సేవ ఆరంభమయ్యెను. మూడేండ్లు తిరుగక మునుపే కట్టుడు పండ్లకు, కళ్లద్దములకు రుసుము విధింప తలపెట్టగా, ఆ సేవను స్థాపించిన మంత్రి అన్యూరిన్ బెవన్ 1951 ఏప్రిలులో పదవిని వదలుకొనెను. మందుచీటీకి 1952లో ఒక షిల్లింగు విధించిరి, 1965లో తీసివేసిరి, 1968లో మరల విధించిరి.

మన రాజ్యాంగము 47వ అధికరణములో ప్రజారోగ్యమును మెరుగుపరచుట ప్రభుత్వ కర్తవ్యమనినది. 1952 నుండి సమాజాభివృద్ధి పథకముతో ప్రాథమిక ఆరోగ్య కేంద్రములు పల్లెలకు రాసాగెను. కాని భవనము వచ్చినంత త్వరగా వైద్యుడు రాలేదు. వైద్యుడు వచ్చినచోట మందు నిలువలేదు. ఉచితమను మాట బోర్డుపై నుండగా, రోగి మందును బజారులో కొనుచుండెను. అది రసీదు లేని రుసుము.

1980వ దశకమున గాలి మరలెను. 1986 నాటి చట్టముతో ఆంధ్రప్రదేశ్ వైద్య విధాన పరిషత్తు ఏర్పడి జిల్లా, తాలూకా ఆసుపత్రుల నిర్వహణను చేపట్టెను. 1987లో ప్రపంచ బ్యాంకు, రోగుల నుండి రుసుములు వసూలు చేయుడని బీదదేశములకు సలహా యిచ్చెను. ఆ యేడే ఆఫ్రికాలోని బమాకో నగరమున ఆరోగ్య మంత్రులు సమావేశమై, మందుల వెల కొంత రాబట్టి ఆ సొమ్మును స్థానికముగనే వినియోగింప నిశ్చయించిరి. 1994లో పరిషత్తు ఆసుపత్రుల అభివృద్ధికి ప్రపంచ బ్యాంకు ఋణము మంజూరయ్యెను. 2002 వరకు సాగిన ఆ పథకముతో భవనములు, పరికరములు వచ్చినవి; వానితోపాటు వినియోగదారుల రుసుమను కొత్త మాటయు వచ్చినది. 1995 ప్రాంతమున మధ్యప్రదేశములోని ఇందూరు ఆసుపత్రిలో మొదలైన రోగి కల్యాణ సమితి, వసూలైన సొమ్మును ఆసుపత్రియే ఖర్చు పెట్టుకొను పద్ధతికి ఒరవడి యయ్యెను. 2002 జాతీయ ఆరోగ్య విధానము సయితము పెద్ద ఆసుపత్రులలో చెల్లింపగలవారి నుండి రుసుము పుచ్చుకొనవచ్చుననెను.

రుసుము పక్షమువారి వాదనను తేలికగా త్రోసివేయరాదు. ఉచితమైనదానికి విలువ ఉండదనియు, కొద్ది సొమ్మైనను చేతిలో నున్నచో పగిలిన గొట్టమును బాగుచేయించుటకు రాజధాని ఉత్తరువు కొరకు వేచియుండ నక్కరలేదనియు వారందురు. కామెరూన్ దేశమున జరిగి 1993లో ప్రకటితమైన ఒక పరిశీలన వారికి బలమిచ్చును. రుసుముతోపాటు మందులను నిలకడగా సరఫరా చేసిన కేంద్రములకు రోగుల రాక పెరిగినది. పేదల రాక మరింత పెరిగినది. అయితే వారిని రప్పించినది రుసుము కాదు, మందు. దూరపు పట్టణమునకు పోయి కొనుటకంటె దగ్గర కేంద్రమున చెల్లించుట వారికి చౌక పడినది.

మందు నిలకడ యను మేలు లేక రుసుము మాత్రమే వచ్చినచోట ఫలితము వేరు. కెన్యా రాజధాని నైరోబీలో 1989 చివర సుఖవ్యాధుల చికిత్సకు రుసుము పెట్టగా పురుష రోగుల రాక మునుపటిలో నూటికి నలువదికి పడిపోయెను. ఆ దేశమందే 2010లో ప్రకటితమైన మరొక పరిశీలనలో, మందుపూసిన దోమతెరకు అర డాలరుకు కొంచెము మించిన వెల కట్టిన మాత్రమున, తీసికొనువారు నూటికి అరువదిమంది చొప్పున తగ్గిరి. ఆదిలాబాదు అడవులలో చలిజ్వరము పరిచితమైన శత్రువు. ఒకని జ్వరము మాన్పకున్న దోమ దానిని పొరుగింటికి మోసికొనిపోవును. అట్టి వ్యాధికి వెల కట్టుట రోగి కొక్కనికే కాక ఊరికెల్ల నష్టము. మరి ఖజానాకు చేకూరిన లాభమెంత? ఆఫ్రికా దేశములలో రుసుముల రాబడి నిర్వహణ వ్యయములో సగటున నూటికి ఐదు ప్రాంతమున నిలిచినది. యుగాండా 2001లో రుసుములను ఎత్తివేయగానే ఆరోగ్య కేంద్రములు జనముతో నిండెను.

బీదలకు మినహాయింపు ఇచ్చినచో చాలదా యని అడుగవచ్చును. మినహాయింపునకు కార్డు కావలెను. కార్డునకు కచేరి చుట్టు తిరుగవలెను. గూడెము వదలి పనికి పోయిన కూలి, సిరిసిల్ల మగ్గము ముందు కూర్చున్న నేతకాడు జబ్బుపడిన దినమున ఆ పత్రములను వెదకజాలడు. తన బీదతనమును పదిమంది యెదుట రుజువు చేయవలసిన చోటికి మానవంతుడు పోడు. పోయినను వ్యాధి ముదిరిన పిదప పోవును.

తరువాతి ఇరువది యేండ్లలో గాలి మరల తిరిగినది. 2005 ఆగస్టు 15న మొదలైన 108 వాహనము దారిఖర్చును తగ్గించెను. 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ 2008 జూలై నాటికి అప్పటి 23 జిల్లాలకును వ్యాపించెను. 2011 నాటి జననీ శిశు సురక్షా కార్యక్రమము ప్రభుత్వ ఆసుపత్రి కాన్పులో రక్తము, మందు, పరీక్ష అన్నియు ఉచితము చేసెను. 2017లో తెలంగాణ ప్రభుత్వము సర్కారు దవాఖానాలో కాన్పయిన తల్లికి, రుసుము అడుగుటకు మారు, 12,000 రూపాయలు, ఆడశిశువైనచో 13,000 ఇచ్చుటకు పూనుకొనెను. 2021 జూనులో కరీంనగరము, ఆదిలాబాదులతో సహా 19 జిల్లాలలో ఉచిత రోగనిర్ధారణ పరీక్షా కేంద్రములు తెరువబడెను.

అంతమాత్రమున రుసుము గతించినదని భావింపరాదు. దేశమున ఆరోగ్యముపై అగు మొత్తము ఖర్చులో జనులు చేతినుండి పెట్టుకొన్నది 2013-14లో నూటికి 64.2, 2021-22 నాటికి 39.4. తగ్గుదల మెచ్చదగినదే, మిగిలినది చిన్నది కాదు. ఆరోగ్యశ్రీ ముఖ్యముగా పెద్ద చికిత్సలకు ఉద్దేశింపబడినది. దినదినము వచ్చు జ్వరమునకు, చక్కెర వ్యాధి మాత్రలకు సర్కారు దవాఖానాయే దిక్కు. అక్కడ మాత్ర లేనినాడు చీటీ ఉచితమైనను వైద్యము ఉచితము కాదు. కనుక చీటీ వెలను లెక్కించునప్పుడు బస్సు టికెట్టును, పోయిన దినకూలిని, బజారు మందును కలిపి కూడవలెను.

వైద్యుని యొద్దకు వట్టిచేతులతో పోరాదన్న పెద్దల మాట తప్పు కాదు. అయితే నేడు దవాఖానాకు వచ్చు కూలివాడు వట్టిచేతులతో వచ్చుట లేదు. సబ్బుబిళ్ల కొన్నప్పుడు, చెప్పులు కొన్నప్పుడు పన్ను రూపమున తన కానుకను ఒళ్లు బాగున్న దినములలోనే చెల్లించివచ్చినాడు. గడప యొద్ద అతనిని మరల చేయి చాపి అడుగుట న్యాయము కాదు. అతడు ముందే చెల్లించిన సొమ్మునకు మందు అలమరలో నున్నదా లేదా యని ప్రభుత్వము తన్ను తాను అడుగుకొనుట న్యాయము.