సిఫారసు వాక్యంలో షరతు: గుంటూరు, ప్రకాశం మైదానాల వ్యవసాయ శాస్త్ర రచన

తెలుగులో ఆధునిక వ్యవసాయ శాస్త్ర రచన కుదురుకున్నది ఇరవయ్యో శతాబ్ది ద్వితీయార్ధంలో. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాలతో 1962లో వెలువడింది. 1964లో వ్యవసాయ విశ్వవిద్యాలయం, 1968లో తెలుగు అకాడమి ఏర్పడ్డాయి. 1969లో 'అన్నదాత' మొదలైంది. ఈ చరిత్రను పరిభాషా నిర్మాణంగా మాత్రమే చూస్తే వాక్యం మరుగున పడుతుంది.

కొత్త శాస్త్రం ఏ భాషలోనైనా కర్తను తొలగించే మార్గం వెతుక్కుంటుంది. స్పానిష్ శాస్త్ర రచనలో 'సె' అనే చిన్న మాట ఆ పని చేస్తుంది. తెలుగులో పరిశోధనా పత్రం 'గమనించబడినది' అంటూ కర్మణిని ఆశ్రయించింది. రైతుకు చెప్పే వాక్యానికి అది అక్కరలేకపోయింది. 'ఫలానా పురుగు నివారణకు లీటరు నీటికి ఇన్ని మిల్లీలీటర్ల మందు కలిపి పిచికారీ చేయాలి' అన్న అచ్చులో కర్త సహజంగానే లుప్తం. నివారణ ముందు, మోతాదు తరువాత, విధి చివర. పొదుపైన వాక్యమే. కాని పురుగు ఏదో రైతు అప్పటికే గుర్తించాడని, దాని ఉధృతి మందు కొట్టవలసినంత ఉందని అది ముందే ఒప్పేసుకుంటుంది.

1980లలో పత్తిపై సింథటిక్ పైరిథ్రాయిడ్ల వాడకం పెరిగింది. దశాబ్దం మధ్యలో తెల్లదోమ విజృంభించింది. 1987-88లో శనగపచ్చ పురుగు మందులకు లొంగలేదు. అప్పులపాలైన పత్తి రైతుల ఆత్మహత్యలు ప్రకాశం జిల్లాను కుదిపివేశాయి. ఈ విపత్తుకు వాక్యనిర్మాణాన్ని బాధ్యురాలిని చేయడం అతిశయోక్తి. కౌలు, వడ్డీ, అరువుకు మందులిచ్చే దుకాణమే సలహాదారు కావడం అంతకన్నా బలమైన కారణాలు. అయినా సమగ్ర సస్యరక్షణ రచనలు 'ఆర్థిక నష్టపరిమితి దాటితేనే' అన్న షరతును వాక్యారంభానికి తేవడం గమనార్హం. క్రియ చివర నిలిచే భాషలో షరతు ముందుకు రావడం సహజమే; అచ్చు వాక్యమే దాన్ని జారవిడిచింది.

మిరపలో రైతు మాట ఈ లోపాన్ని ముందే పూరించింది. ఆకు అంచులు పైకి ముడిస్తే 'పైముడత', తామర పురుగుల పని. కిందికి ముడిస్తే 'కిందిముడత', నల్లి పని. రెంటికీ మందులు వేరు. 'పైముడత నివారణకు' అని వాక్యం మొదలైతే లక్షణ నిర్ధారణ ఆ సమాసంలోనే ఇమిడిపోతుంది. 2021లో ఈ మైదానాల మిరపను ముంచెత్తిన కొత్త తామర పురుగు ప్రధానంగా పూలలో చేరి పూత రాల్చింది. ముడతను బట్టి గుర్తించే పాత పేరు దానికి చాలలేదు. సూచనలు మళ్లీ 'పూలను పరిశీలించి' అన్న అసమాపక క్రియతో మొదలుకావలసి వచ్చింది.